కొత్త ఏడాదిలో మంచి మనిషిగా మారాలంటే: జనవరి 1 నుంచి ఉగాది దాకా ఒక్కో మెట్టు

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఇంటి గేటు తీస్తున్నాను. లోపల టీవీ మోగుతోంది. మా అమ్మాయి ఏదో పాటకి గొంతు కలిపి పాడుతోంది. గేటు గడియ చప్పుడైంది. టీవీ ఆగిపోయింది, పాటా ఆగిపోయింది. చెప్పులు విప్పి లోపలికి వెళ్లేసరికి పాప బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు లెక్కల పుస్తకం తెరిచి ఉంది. చేతిలో పెన్ను మాత్రం లేదు.

ఆ రోజు నేనేమీ అనలేదు. నేను నోరు తెరవకముందే ఇల్లంతా నాకోసం సర్దుకుంటోందని అప్పుడు తెలిసింది. అప్పటిదాకా నన్ను నేను మంచివాడిననే అనుకున్నాను. తాగను, లంచం పుచ్చుకోను, పరాయి సొమ్ముకి ఆశపడను. ఇంతకంటే ఏం కావాలి అనుకునేవాణ్ణి. మనం ఎలాంటివాళ్లమో మన పక్కన బతికేవాళ్లకి తెలిసినంతగా మనకి తెలియదు. అందుకే ఈ పద్ధతి మొత్తం వాళ్ల దగ్గరే మొదలవుతుంది.

కొత్త ఏడాది అనగానే బరువు తగ్గాలి, తెల్లారకట్ల లేవాలి, డబ్బు పొదుపు చేయాలి అనుకుంటాం. అవన్నీ మంచివే. కానీ ఐదింటికి లేచి వాకింగ్ చేసొచ్చిన మనిషి ఏడింటికి కాఫీ చల్లారిందని భార్య మీద అరిస్తే, ఆ ఇంటికి కొత్త ఏడాది వచ్చినట్టు కాదు. కింద చెప్పేవి నేను చేసి చూసినవి. కొన్ని కుదిరాయి, కొన్నింటికి చాలా కాలం పట్టింది.

ముందు గడువు పెట్టుకోండి

మన తెలుగువాళ్లకి ఏడాదిలో రెండు కొత్త సంవత్సరాలున్నాయి. జనవరి 1 ఒకటి, చైత్ర శుద్ధ పాడ్యమి రెండోది. రెండింటి మధ్య ఏ ఏడాదైనా పది వారాలకి తక్కువ ఉండదు. 2026లో జనవరి 1 నుంచి ఉగాది, అంటే మార్చి 19 దాకా లెక్కపెడితే 77 రోజులు. ఈ వ్యవధి చాలా పనికొస్తుంది.

ఎందుకంటే ఒక అలవాటు కుదురుకోవడానికి ఇంచుమించు అంత కాలమే పడుతుంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని 12 వారాల పాటు గమనించి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఒక పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి దాదాపు 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని లెక్కగట్టారు. వాళ్లు చూసింది తిండి, నీళ్లు, వ్యాయామం లాంటి అలవాట్లు. కోపం లాంటిది అంతకంటే మొండిదని నా అనుభవం. ఆ పరిశోధనలోనే ఇంకో మంచి మాట ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అప్పటిదాకా చేసింది పోలేదు.

కాబట్టి జనవరి 1న మొదలుపెట్టి ఉగాదికి లెక్క చూసుకోండి. ఏడాది మొత్తం గురించి అప్పుడే ఆలోచించొద్దు.

మొదటి మెట్టు: మీ పంచాంగం మీరే రాసుకోండి

ఉగాది రోజు గుళ్లో పంచాంగ శ్రవణంలో రాశికి నాలుగు అంకెలు చదువుతారు కదా. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. మన రాశికి అవమానం ఎక్కువుంటే ఆ పూటంతా దిగులుగా ఉంటుంది. ఇక్కడ ఆ నాలుగు గడుల్నే తిరగేసి రాయాలి.

డిసెంబరు ఆఖరి వారంలో ఒక సాయంత్రం ఒంటరిగా కూర్చోండి. ఒక తెల్లకాగితం, ఒక పెన్సిల్ చాలు. ఫోన్లో వద్దు, మధ్యలో ఎవరో ఒకరు మెసేజ్ పెడతారు. కాగితాన్ని నాలుగు గడులు చేయండి. ఆదాయం గడిలో పోయిన ఏడాది మీకు సాయం చేసినవాళ్ల పేర్లు, చేసిన సాయం. వ్యయం గడిలో మీరు ఇంకా ఇవ్వాల్సినవి, అంటే డబ్బు, వస్తువు, ఇచ్చి మర్చిపోయిన మాట. రాజపూజ్యంలో మీరు మర్యాదగా మాట్లాడినవాళ్లు. అవమానంలో మీరు చిన్నబుచ్చినవాళ్లు.

గుణాలు రాయకండి, మనుషుల పేర్లు రాయండి. "అందరితో ప్రేమగా ఉండాలి" అని రాస్తే రేపు పొద్దున లేచి ఏం చేయాలో తెలియదు. "అమ్మ ఫోన్ చేసినప్పుడు లాప్‌టాప్ మూసి మాట్లాడాలి" అని రాస్తే తెలుస్తుంది.

నా కాగితం మీద అవమానం గడిలో తొమ్మిది పేర్లు వచ్చాయి. ఇంట్లోవాళ్లు, ఆఫీసులో నాకంటే కింద పనిచేసేవాళ్లు, ఒక ఆటో అతను. రాజపూజ్యంలో వచ్చినవాళ్లు ఎక్కువమంది నా పై అధికారులు, డబ్బున్న బంధువులు. ఆ రెండు గడులూ పక్కపక్కన చూసుకున్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా మర్యాద ఎటువైపు ప్రవహిస్తోందో అంత స్పష్టంగా ఇంకెవరూ నాకు చెప్పలేదు.

ఈ కాగితం ఎవరికీ చూపించక్కర్లేదు. పారేయొద్దు, బీరువాలో పెట్టండి.

రెండో మెట్టు: బాకీలు తీర్చండి

చాలామంది ఈ మెట్టు వదిలేసి నేరుగా ధ్యానానికి వెళ్తారు. నా దృష్టిలో ఇదే ముందు. ఒకరికి డబ్బు ఇవ్వాల్సి ఉండి వాళ్ల వీధిలోంచి వెళ్లకుండా పక్క వీధిలోంచి తిరిగి వెళ్లే మనిషికి మనశ్శాంతి ఎక్కణ్ణుంచి వస్తుంది?

2015లో ఇంటి అడ్వాన్సు తక్కువపడి ఒక పెద్దాయన దగ్గర ఎనిమిది వేలు తీసుకున్నాను. అప్పట్లో మా సెక్షన్‌లోనే పనిచేసేవారు. రెండు నెలల్లో ఇస్తానన్నాను. తర్వాత నాకు బదిలీ అయింది, ఆయన రిటైరయ్యారు. అడగలేదు కదా అని నేనూ ఊరుకున్నాను. పెళ్లిళ్లలో కనబడితే ముఖం చాటేసేవాణ్ణి. వ్యయం గడిలో మొదట రాసిన పేరు ఆయనదే.

జనవరి మొదటి ఆదివారం వెళ్లాను. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. కవరులో పన్నెండు వేలు పెట్టి ఇచ్చి, ఆలస్యమైంది, క్షమించండి బాబాయ్ అన్నాను. ఆయన చేతులు తుడుచుకుని నోట్లు లెక్కపెట్టి, ఎనిమిది ఉంచుకుని నాలుగు వెనక్కిచ్చారు. తర్వాత లోపలికి తిరిగి గట్టిగా, "ఇదిగో, చూశావా! నేను చెప్పలేదూ, ఇస్తాడని!" అన్నారు.

అంటే ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో నా గురించి మాట నడుస్తూనే ఉంది. ఆయన నా తరఫున వాదిస్తూనే ఉన్నారు. తిరిగొస్తూ వీధి చివర బండి ఆపుకుని కాసేపు నిలబడిపోయాను.

ఎలా చేయాలంటే, వ్యయం గడిలోంచి డబ్బు బాకీలన్నీ వేరే రాసి అన్నింటికంటే పాతదాన్ని ముందు తీసుకోండి. ప్రామిసరీ నోటుకి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందని మనకందరికీ తెలుసు. కాలదోషం నోటుకే గానీ బాకీకి కాదు. మొత్తం ఇవ్వలేకపోతే కొంత ఇచ్చి, మిగతాది ఏ తేదీకి ఇస్తారో మీ నోటితో చెప్పండి. ఆ తేదీకి కూడా కుదరకపోతే వాళ్లు ఫోన్ చేసేదాకా ఆగకుండా ఒక రోజు ముందే మీరే చేయండి. అప్పిచ్చినవాళ్లకి డబ్బు రాకపోవడం కంటే మనం తప్పించుకు తిరగడమే ఎక్కువ బాధ. ఇచ్చిన మనిషి పోయి ఉంటే వాళ్ల భార్యకో పిల్లలకో ఇవ్వండి. వాళ్లకి ఆ సంగతి తెలియకపోయినా సరే.

వస్తువులూ బాకీలే. పక్కింటివాళ్ల నిచ్చెన, స్నేహితుడి పుస్తకాలు, ఎవరింట్లోంచో కూరతో వచ్చి మన అటకెక్కిన స్టీలు గిన్నె. మా అమ్మ అలాంటి గిన్నెని ఎప్పుడూ ఖాళీగా తిరిగి పంపేది కాదు, కాస్త పంచదారో రెండు అరటిపండ్లో వేసి పంపేది. అలాగే పంపండి.

మూడో మెట్టు: తప్పు ఒప్పుకోవడం

అవమానం గడిలోంచి ఒక్క పేరు తీసుకోండి. వారానికి ఒకటి చాలు.

మన ఇళ్లలో క్షమాపణకి మాటలు తక్కువ. రాత్రి గొడవైతే పొద్దున "కాఫీ తాగావా?" అని అడగడమే క్షమాపణ. భార్యాభర్తల మధ్య, అన్నదమ్ముల మధ్య అది చాలా దూరం పనిచేస్తుంది, దాన్ని తీసిపారేయను. కానీ పిల్లలకి ఆ భాష అర్థం కాదు. మన కింద పనిచేసేవాళ్లకి అర్థమైనా సరిపోదు. నోటితో చెప్పాలి.

చెప్పే పద్ధతి ఇది. ఏం చేశారో పేరు పెట్టి చెప్పండి. తప్పు మీదని చెప్పండి. ఆపేయండి. "ఆ రోజు మీటింగులో నిన్ను అందరి ముందు అలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే." ఇంతే. దీని తర్వాత "కానీ" అన్న మాట వచ్చిందంటే అంతా చెడిపోతుంది. "ఏదో టెన్షన్‌లో అనేశాను, కానీ నువ్వు కూడా..." అనగానే ఎదుటి మనిషి మళ్లీ నిందితుడైపోతాడు. "నువ్వు బాధపడి ఉంటే సారీ" కూడా వద్దు. బాధపెట్టామని తెలిసే కదా వచ్చాం.

నలుగురిలో అన్న మాటకి నలుగురిలోనే క్షమాపణ చెప్పాలి. ఇది కష్టం. నేను ఆఫీసులో ఒక కుర్రాణ్ణి పదిమంది ముందు తిట్టి, తర్వాత కారిడార్‌లో ఒంటరిగా పిలిచి సారీ చెప్పాను. అతను "పర్లేదు సార్" అన్నాడు, కానీ మర్నాడూ తల దించుకునే తిరిగాడు. రెండు వారాల తర్వాత అదే గదిలో అదే మనుషుల మధ్య చెప్పాను. అప్పుడు అతను నా కళ్లలోకి చూశాడు.

క్షమించమని ఒత్తిడి చేయొద్దు. వాళ్లు ఊరుకుంటే ఊరుకోనివ్వండి. "ఇప్పుడు గుర్తొచ్చానా" అని రెండు మాటలు అంటే వినండి. వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టి పంపడం క్షమాపణ కిందకి రాదు. దూరంలో ఉంటే ఫోన్ చేయండి. మిమ్మల్ని ఇక కలవొద్దని, మాట్లాడొద్దని స్పష్టంగా చెప్పినవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. మన బరువు దించుకోవడానికి వాళ్ల పాత గాయం రేపకూడదు.

నాలుగో మెట్టు: మీ కోపం వచ్చే గంటని పట్టుకోండి

అన్నిటికంటే ఎక్కువ కాలం నాకు పట్టింది దీనికే.

"కోపం తగ్గించుకుంటాను" అని నేను కనీసం పది జనవరులు అనుకుని ఉంటాను. ఒక్కసారీ తగ్గలేదు. ఈసారి తగ్గించడానికి ప్రయత్నించకుండా ముందు లెక్క రాశాను. గోడ మీద తెలుగు క్యాలెండర్‌లో, తేదీ గడిలో, అరిచిన ప్రతిసారీ పెన్సిల్‌తో ఒక చుక్క, పక్కన టైము. రెండు వారాల్లో పదిహేడు చుక్కలు పడ్డాయి. అందులో పన్నెండు సాయంత్రం ఏడున్నరకీ ఎనిమిదింపావుకీ మధ్యవే.

చూస్తే కారణం కళ్లముందే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకి తిన్న మనిషిని. ఆరున్నర గంటలుగా కడుపులో టీ తప్ప ఇంకేమీ లేదు. ట్రాఫిక్‌లో ముప్పావు గంట. ఆఫీసు నుంచి వచ్చిన ఆఖరి ఫోన్ ఇంకా చెవిలోనే ఉంటుంది. ఆ స్థితిలో గుమ్మం దాటగానే కనబడినవాళ్ల మీద విరుచుకుపడుతున్నాను. నేను రోజంతా కోపిష్టిని కాను, నలభై ఐదు నిమిషాల కోపిష్టిని. ఆ నలభై ఐదు నిమిషాలే మా అమ్మాయికి రోజూ దొరికే నాన్న.

మీరూ రెండు వారాలు చుక్కలు పెట్టి చూడండి. మీ గంట వేరే అయి ఉంటుంది. కొందరికి పొద్దున స్కూలు బస్సు వచ్చే టైము, కొందరికి నెలాఖరు రోజులు, కొందరికి అత్తగారింటి నుంచి ఫోన్ వచ్చాక. గంట తెలిసాక "ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను" అని ఒక్క వాక్యం రాసుకోండి. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో దీని మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఊరికే సంకల్పం చెప్పుకున్నవాళ్ల కంటే ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తారో ముందే రాసుకున్నవాళ్లు ఎక్కువగా ఆ పని పూర్తిచేస్తారని అందులో చూపించారు. సందర్భం ఎదురవగానే మనసు వెతుక్కోనక్కర్లేకుండా చేయాల్సింది సిద్ధంగా ఉంటుంది.

నా వాక్యం ఇది: "మా వీధి మలుపులో కొబ్బరిబోండాల బండి కనబడగానే బండి ఆపుతాను." అక్కడ ఐదు నిమిషాలు. బ్యాగులో ఉంచుకున్న నాలుగు వేరుశెనగపప్పు ఉండల్లో ఒకటి తిని, నీళ్లు తాగి, ఫోన్ సైలెంట్‌లో పెడతాను. ఇంట్లోకి వెళ్లగానే కాళ్లు కడుక్కుంటాను. బయటి దుమ్ము గుమ్మం దగ్గరే వదలమని పెద్దవాళ్లు పెట్టిన అలవాటు ఇప్పుడు నాకు కోపానికి పనికొస్తోంది. తర్వాత పది నిమిషాలు మార్కులు, కరెంటు బిల్లు, "ఇది ఇక్కడెందుకుంది" లాంటి ప్రశ్నలు అడగను.

మొదటి నెలలో చుక్కలు సగానికి తగ్గాయి. బాగా తగ్గడానికి ఏడాది దాటింది. ఇప్పటికీ నెలకి ఒకటో రెండో పడతాయి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఎవరి మీదైనా మీ చెయ్యి లేస్తుంటే అది క్యాలెండర్ చుక్కలతో తేలే సంగతి కాదు. ఆలస్యం చేయకుండా బయటి సాయం తీసుకోండి. దెబ్బలు తింటున్నవాళ్లు మీరైతే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. మనసు బాగోక, నిద్ర లేక, దేని మీదా ఇష్టం లేక చిరాకు పడుతున్నారేమో కూడా చూసుకోండి. టెలీ మానస్ నంబరు 14416కి చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఏళ్ల తరబడి రోజూ తాగే అలవాటున్నవాళ్లు జనవరి 1న ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. వణుకు, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. డాక్టరు చెప్పినట్టే మానాలి.

ఐదో మెట్టు: కిటికీ మీద గ్లాసు

మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడకి టీ ఇచ్చే స్టీలు గ్లాసు వంటింటి కిటికీ మీద విడిగా ఉండేది. అంచు దగ్గర చిన్న సొట్ట. ఎవరు పెట్టారో, ఎప్పటి నుంచి ఉందో ఎవరమూ ఆలోచించలేదు. మా అమ్మ హయాం నుంచి అక్కడే ఉంది, మేము ఇల్లు మారినా దానితోపాటే వచ్చింది. అంటరానితనాన్ని నిషేధించిన రాజ్యాంగం 17వ అధికరణం 1950 నుంచి అమల్లో ఉంది. మా వంటింటి కిటికీ దాకా అది రాలేదు.

ఆ జనవరిలో మా ఆవిడ ఆ గ్లాసు తీసేసి మేము తాగే గ్లాసులో టీ ఇచ్చింది. ఆవిడ అందుకోలేదు. కిటికీ వైపు చూసి, "నా గ్లాసేదమ్మా?" అంది. "లేదు అక్కా, ఇక ఇందులోనే" అంది మా ఆవిడ. కాసేపు నిలబడి తీసుకుంది, పెరటి గడప మీద కూర్చుని తాగింది. కుర్చీలో కూర్చోవడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. మేము ఒక రోజులో మార్చుకున్నాం, తను ఏళ్ల తరబడి నేర్చుకున్నది మర్చిపోవడానికి టైము పట్టింది.

మీ గుమ్మం దగ్గరికి వచ్చేవాళ్ల గురించి ఇలా ఒక్కొక్కటి చూడండి. జీతం ఏ తేదీన ఇస్తున్నారు? ఐదో తేదీ అన్నాక ఐదో తేదీనే ఇవ్వండి, ఆవిడ కూడా అద్దె కట్టుకోవాలి. నెలకి నాలుగు సెలవులు జీతం కోయకుండా ఇవ్వండి. మన జీతం పెరిగిన ఏడాది తనదీ అడగకుండా పెంచండి. పండక్కి ఇచ్చే పాత చీర ఆ పెంపుకి బదులు కాదు. మనకంటే పెద్దవాళ్లని, వాచ్‌మన్ అయినా, చెత్త బండి అతనైనా, "మీరు" అనండి. గ్యాస్ బండ మూడో అంతస్తుకి మోసుకొచ్చిన మనిషికి అడక్కముందే మంచినీళ్లు ఇవ్వండి.

ఇంకొకటి, ఇంట్లో ఆఖర్న ఎవరు భోంచేస్తున్నారో వారం రోజులు గమనించండి. రోజూ ఒకే మనిషి అయితే, అడుగంటిన కూర రోజూ ఆ మనిషి కంచంలోకే వెళ్తుంటే, మీరు లేచి వడ్డించండి. ముఖ్యంగా పండగ రోజుల్లో.

ఆరో మెట్టు: నోరు

ఇది చిన్నదే. లేని మనిషి గురించి మాట్లాడేటప్పుడు ఆ మనిషి ఇప్పుడే గుమ్మంలోకి వస్తే ఆ మాట ఆపేస్తామా అని చూసుకోండి. ఆపేసేదైతే అనొద్దు. ఫ్యామిలీ గ్రూపులో ఏ కులం గురించో, ఏ మతం గురించో కడుపు మండించే మెసేజ్ వస్తే, నిజమో కాదో తెలియనంతవరకు మీ దగ్గరే ఆగిపోనివ్వండి. పెద్దవాళ్లు పంపితే గ్రూపులో అందరి ముందు తప్పుపట్టకుండా విడిగా ఫోన్ చేసి చెప్పండి. మా పెదనాన్నగారికి అలా రెండుసార్లు చెప్పాను. మూడోసారి ఆయనే ఫోన్ చేసి "ఇది నిజమేనంటావా?" అని అడిగారు.

ఏడో మెట్టు: ఇంటి బయట ఒక్క పని

మాది రాజమండ్రి వైపు. కోనసీమ వెళ్లినప్పుడల్లా గన్నవరం దగ్గర డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన అక్విడెక్టు, అంటే కాలువని నది మీదుగా దాటించే వంతెన, కనబడుతుంది. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆవిడ చేసింది ఒకటే పని. లంకల గన్నవరంలో తన ఇంటి ముందుకి ఏ వేళ ఎవరు ఆకలితో వచ్చినా, కులం అడక్కుండా అన్నం పెట్టారు. గోదావరి పాయలు దాటుకుని అలసిపోయి వచ్చేవాళ్లకి ఆ ఊళ్లో అన్నం దొరుకుతుందన్న ధైర్యం ఉండేది. తన గుమ్మంలో తనకి చేతనైన ఒక్క పనిని జీవితాంతం చేశారు. పది సేవా కార్యక్రమాల ఫొటోల్లో ఉండేకంటే ఏడాది పొడవునా ఒక్కటి పట్టుకోవడం మేలని నేను ఆవిణ్ణి చూసే అనుకున్నాను.

నేను ఎంచుకున్నది రక్తదానం. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండి ఆరోగ్యంగా ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. ఇచ్చాక కాసేపు అక్కడే కూర్చోండి, ఆ రోజు బరువులు ఎత్తొద్దు. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి తీవ్రంగా ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, వాళ్లకి పండగలూ సెలవులూ లేవు. రక్తదాన శిబిరాలు చాలావరకు కాలేజీల్లో జరుగుతాయి. ఎండాకాలం సెలవులిచ్చాక శిబిరాలు తగ్గి బ్లడ్ బ్యాంకుల్లో నిల్వలు పడిపోతాయి. అందుకే జనవరిలో ఒకసారి ఇచ్చి, మళ్లీ ఉగాది వెళ్లాక ఏప్రిల్‌లో, ఆడవాళ్లైతే మే నెలలో, ఇస్తే అసలు అవసరమైనప్పుడు ఇచ్చినట్టవుతుంది. దగ్గర్లోని బ్లడ్ బ్యాంకు ఎక్కడుందో ఈ-రక్తకోశ్ వెబ్‌సైట్‌లో తెలుస్తుంది.

రోడ్డు మీద ప్రమాదం చూస్తే ఆగండి. పోలీసులు, కోర్టుల చుట్టూ తిరగాలేమోనన్న భయంతో చాలామంది తప్పుకుపోతారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ అలా సాయం చేసినవాళ్లకి రక్షణ ఇస్తుంది. మంచి మనసుతో సాయపడినప్పుడు ఆ మనిషికి ఏమైనా అయినా మీ మీద కేసు ఉండదు. మీ పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా ఆ మనిషి పక్కన ఉండండి. చుట్టూ మూగినవాళ్లని వీడియో తీయొద్దని చెప్పండి.

మీ పని వేరే కావచ్చు. ఊళ్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మకి నెలకోసారి పింఛను, బ్యాంకు పనులు చూసిపెట్టడం, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలకి ఆదివారం ఇంగ్లీషు చెప్పడం, ఏదైనా సరే. ఒక్కటే ఎంచుకుని తేదీ వేసుకోండి.

తప్పినప్పుడు

తప్పుతుంది. జనవరి 1న మొదలైన వాటికి మొదటి గండం సంక్రాంతి. పదమూడో తేదీకల్లా ఊరికి చేరతాం. నిద్ర వేళలు మారతాయి, పేకాట, అరిసెలు, పాత ఆస్తి గొడవలు, ఏళ్ల తర్వాత కలిసిన బావగారి ఎత్తిపొడుపులు. మొదటి ఏడాది భోగి రాత్రే నేను మా తమ్ముడి మీద ఇల్లు అదిరేలా అరిచాను. ఇక ఈ పద్ధతి నాకు కుదరదనుకుని కాగితం చింపబోయాను. కనుమ నాడు తిరిగొచ్చి క్యాలెండర్‌లో పద్నాలుగో తేదీ గడిలో చుక్క పెట్టాను. మర్నాడు వాడికి ఫోన్ చేశాను.

తప్పిన మర్నాడు చేసే పనే ముఖ్యం. చుక్క దాచొద్దు, దానికోసం ఉపవాసాలూ వద్దు. రాసుకున్న వాక్యం మళ్లీ చదివి ఆ రోజు పని ఆ రోజు చేయండి. ఒకే వాక్యం మూడు వారాలు వరసగా తప్పుతుంటే లోపం వాక్యంలో ఉంది, మార్చండి. కొబ్బరిబోండాల బండి వానాకాలం ఉండదు. నేను మందుల షాపు మెట్ల దగ్గరికి మార్చుకున్నాను.

ఉగాది నాడు

వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం, మామిడికాయ, ఉప్పు, కారం కలిపిన పచ్చడి తిన్నాక, గుడికి వెళ్లేముందు, బీరువాలోంచి ఆ కాగితం తీయండి. వ్యయం గడిలో తీరినవి కొట్టేయండి. అవమానం గడిలో ఇంకా మిగిలిన పేర్లకి పక్కన తేదీలు వేయండి.

తర్వాత ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క ప్రశ్న అడగండి: "నేను ఇంటికి రాగానే నీకెలా అనిపిస్తుంది?" ఏం చెప్పినా మధ్యలో అడ్డుపడొద్దు, సర్దిచెప్పొద్దు. విన్నది విన్నట్టు కాగితం వెనక తేదీ వేసి రాయండి.

మొదటి ఉగాదికి మా అమ్మాయి చాలాసేపు ఆలోచించి, "ఇప్పుడు బండి చప్పుడు విని చూస్తాను నాన్నా, నీ మొహం ఎలా ఉందో" అంది. రెండో ఉగాదికి "ఏమో, తెలీదు" అని పచ్చడి గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది. మొన్న ఒక సాయంత్రం గేటు గడియ తీశాను. లోపల టీవీ మోగుతూనే ఉంది.